పడవకు జల్లించిన పిండి

ఆనకట్ట ఆఫీసులో నాగలింగం ఉద్యోగం పేరు లస్కరు. పేరు వింటే కత్తి కట్టుకుని గుర్రమెక్కే మనిషి అనిపిస్తుంది గాని, ఆయన చేసేది తలుపుల మరలకు గ్రీజు పూయడం, కొలత రాయి మీద నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూసి చెప్పడం, ఓవర్సీరు వచ్చినప్పుడు కుర్చీ తుడవడం. తిరుత్తణి దగ్గర నేతవాళ్ల వీధిలో పుట్టినవాడు. నూలు దొరక్క మగ్గాలన్నీ మూలపడ్డ రోజుల్లో ఎవరెవరి కాళ్లో పట్టుకుని ఈ కొలువులో చేరాడు. తామరైపాక్కానికి ఎగువన, కొసస్తలై ఏటి గట్టున ఆఫీసువాళ్లు కట్టించిన పెంకుటింట్లో భార్య కోకిలతో కాపురం.

అవతలి గట్టున, పల్లంలో చిన్న ఊరు ఒకటి ఉంది. నాగలింగం అక్క రుక్మిణమ్మను ఆ ఊరికే ఇచ్చారు. మొగుడు పోయినా ఆమె ఆ ఊరు వదల్లేదు. గుంత మగ్గం ముందు కూర్చుని లుంగీలు నేసుకుని బతుకుతోంది. తల్లి చిన్నప్పుడే పోతే నాగలింగాన్ని ఎత్తుకుని పెంచింది ఆమే. ఆయనకు నేత నేర్పిందీ ఆమే, తప్పు నేస్తే తొడపాశం పెట్టిందీ ఆమే. ఎండాకాలం ఏట్లో ఇసకే కాబట్టి తమ్ముడు కోరినప్పుడల్లా నడిచి వెళ్లేవాడు. వానాకాలం ఆనకట్ట గోడ మీదుగా దాటేవాడు. వెళ్ళం వచ్చి ఏరు పొంగితే మాత్రం గోడ మునిగిపోయేది, ఊరి చుట్టూ నీళ్లు కమ్ముకునేవి. అక్క అటు, తమ్ముడు ఇటు.

ఒక ఏడు అలా మునిగినప్పుడు పైవాళ్లకు దయ కలిగింది. రబ్బరు పడవను పంపారు. ఖాకీ సంచిలో మడతపెట్టి వచ్చింది. దాంతోపాటు కాలితో తొక్కే పంపు, రెండు తెడ్లు, అతుకులు వేసే డబ్బా, తెల్లపొడి డబ్బా ఉన్నాయి. గాలి కొడితే నలుగురు కూర్చోవచ్చు. దాన్ని చూసిన రోజున నాగలింగానికి అన్నం సహించలేదు. ఆఫీసులో ఎవరికీ అక్కర్లేని ఆ వస్తువు అక్క ఇంటికి దారి అని ఆయనకు ఒక్కడికే అర్థమైంది.

ఓవర్సీరు వెంకటపతి కాపుదనపు ఇంటివాడు, మంచివాడే. మంచితనంతో పని తీరిపోతుందనుకునే రకం.

"ఏమప్పా నాగలింగం, దీన్ని నీకే వదిలేస్తా ఉండా. వానలు పోయినాక కడుగు, నీడలో ఆరబెట్టు, అంటుకోకుండా పొడి చల్లి మడిచిపెట్టు. అంతే."

"సరే సార్," అన్నాడు నాగలింగం. అంతే అంటే అంతేతో ఆగే మనిషా ఆయన.

వానలు పోయి మార్గళి నెల రాగానే ప్రతి ఏడూ పడవకు సేవ మొదలయ్యేది. ఇంటి వెనక నీడలో చాపలు పరిచి, పడవను విప్పి, కుంకుడు నురగతో కడిగేవాడు. గాలి నింపి, ఆ నురుగే ఒళ్లంతా పూసి, ఎక్కడ బుడగ లేస్తుందా అని మోకాళ్ల మీద పాకుతూ వెతికేవాడు. బుడగ కనిపిస్తే గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషను రాసి, సైకిలు ట్యూబు ముక్క అతికించేవాడు. అది పట్టుకునేదాకా అక్కడే కాపలా. కోకిల అన్నానికి పిలిచి పిలిచి విసిగిపోయేది.

"నాకు జొరం వచ్చినా ఇంతగా చూడలేదు మామా," అనేది.

"నువ్వు ఏట్లో తేలతావా?" అనేవాడు ఆయన.

మరమ్మతుతో తనివి తీరక మెరుగులు కూడా దిద్దాడు. చుట్టూ పట్టుకోవడానికి తాడు కట్టాడు. అడుగు మెత్తగా ఉండి కాలు దిగబడుతోందని వెదురుబద్దలు గీసి, మగ్గం మీద చాప అల్లినట్టు అల్లి పరిచాడు. అక్క తన మగ్గం మీద దిట్టమైన గుడ్డ ప్రత్యేకంగా నేసి ఇస్తే దాంతో గలీబు కుట్టాడు. దుమ్ము దూరకూడదని గలీబు మూతిని కూడా సన్నకుట్టుతో కుట్టేసేవాడు. వెంకటపతి వచ్చి ఆ మూటను అరచేత్తో తట్టి, "పెళ్లికూతురి మాదిరి సింగారించినావు," అని నవ్వి పోయేవాడు. ఆ నవ్వు నాగలింగానికి ఏడాదికి సరిపోయేది.

పడవ ఊరికే ఉండలేదు. ఒక కార్తీకంలో ఏరు పొంగినప్పుడు అవతలి ఊరికి బియ్యం, కిరసనాయిలు దానిమీదే చేరవేశాడు. తిరిగి వచ్చేటప్పుడు అక్కను కూర్చోబెట్టుకుని వచ్చాడు. ఆమె కళ్లు మూసుకుని తాడు పట్టుకుని కూర్చుంది. గట్టు దిగాక మాత్రం, కోకిలతో, మా నాగ పడవ నడపతా ఉంటే ఉయ్యాలలో ఉన్నట్టే ఉండాది అని చెప్పింది.

తర్వాత తెల్లపొడి అయిపోయింది. నాగలింగం వెంకటపతిని అడిగాడు, వెంకటపతి పైవాళ్లను అడిగాడు. వస్తుందన్నారు. మార్గళి వచ్చింది గాని పొడి రాలేదు. సైకిలు షాపులో చిటికెడు దొరికింది, అది పడవ ముక్కుకు కూడా చాల్లేదు. పొడి చల్లకుండా మడిస్తే రబ్బరు ఒకదానికొకటి అంటుకుని, విప్పేటప్పుడు చర్మం లేచినట్టు లేస్తుందని ఆయనకు తెలుసు. దిగులుతో అక్క దగ్గరికి పోయాడు.

రుక్మిణమ్మ విని తేలిగ్గా తీసేసింది.

"దీనికేనా మొగం అట్ల పెట్టుకున్నావు? పడుగుకు గంజి పెట్టి ఆరినాక పోగుకు పోగు అంటుకుంటాదా? పొడిగా ఉంటే ఏదీ అంటుకోదు. బియ్యప్పిండి సన్నంగా జల్లించి ఇస్తా, చల్లుకోపో."

నేతింటి బిడ్డలకు ఇంతకంటే సబబైన మాట ఇంకేముంటుంది? ఆ గంజితోనే పెరిగారు. గంజి పట్టిన నూలును ఎలకలు కొరుకుతాయని, ఆరిన పడుగును చుట్ట చుట్టి దూలానికి తాడుతో వేలాడదీయడం కూడా ఆ ఇంట్లో పుట్టినప్పటి నుంచీ చూసిందే. అయితే అది నూలు సంగతి. రబ్బరును ఎలక ముట్టడం నాగలింగం ఎప్పుడూ చూడలేదు. ఆయన సైకిలు ఏళ్ల తరబడి పడవ పెట్టే ఆఫీసు స్టోరులోనే ఉంది, టైరు మీద ఒక్క పంటిగాటు లేదు. ఆ ధైర్యంతో ఎలక ఆలోచనే రాలేదు.

అక్క బియ్యం నానబోసి, ఆరబెట్టి, రోట్లో దంచి, పాత చీర కొంగులో వేసి జల్లించింది. పిండి చేతికి తగలనంత మెత్తగా వచ్చింది. నాగలింగం దాన్ని పడవ మీద చల్లి, పొరపొరకూ అరచేత్తో పట్టించి, మడిచి, గలీబులో పెట్టి, మూతి కుట్టి, స్టోరులో గోడవారన చెక్క అరమీద పెట్టాడు. ఆ ఏడంతా వచ్చిపోతూ చూశాడు. కుట్టు చెక్కుచెదరలేదు. కుట్టు బాగుంటే లోపలా బాగున్నట్టే అనుకున్నాడు.

మరుసటి కార్తీకంలో వాన పట్టుకుంది. ఎగువన చెరువులు తెగాయన్నారు. తెల్లారి చూస్తే కొలత రాయి లేదు, ఆనకట్ట గోడ లేదు, ఇవతలి గట్టు నుంచి అవతలి చెట్ల నడుముల దాకా ఎర్రటి నీళ్లే. నాగలింగం పెద్దగా భయపడలేదు. పడవ ఉంది కదా.

అప్పుడు అవతలి గట్టున, నీళ్లు అందని ఎత్తు గోడ చివర ఎల్లప్ప కనిపించాడు. రుక్మిణమ్మ ఇంటి పక్కవాడు, పొలాల్లో పిట్టలను తోలి తోలి గొంతు పెంచుకున్నవాడు. అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు. ఏటి హోరులో మాట తెగి తెగి వచ్చింది.

"అక్క మింద... గోడ పడినాది... కాలు నలిగిపోయినాది... పడవ తీసకరా నాగలింగా."

మగ్గం గుంతలోకి నీళ్లు వస్తుంటే పడుగు తడిసిపోతుందని రుక్మిణమ్మ లోపలికి దిగిందట. నానిన మట్టిగోడ ఆమె కాలిమీద కూలింది. ఊరివాళ్లు ఆమెను బడి వరండాలోకి మోసుకుపోయారు.

నాగలింగం పరుగెత్తుకుంటూ వెళ్లి మూటను భుజాన వేసుకుని వచ్చాడు. గట్టు మీద దించి, కుట్టు కోసి, పడవను లాగాడు. పిండి ముక్కిన వాసన వచ్చింది. ఎలక రెట్టలు రాలాయి. గలీబు అడుగున, గోడ వైపు, అరచేయి పట్టేంత కంత ఉంది. అటువైపు ఆయన ఎన్నడూ చూడలేదు. మడత మీద కొరికింది కాబట్టి విప్పే కొద్దీ బొక్కలు వరసగా బయటపడ్డాయి, ఇక్కడ ఒకటి, మూరెడు దూరాన మళ్లీ అలాంటిదే, ఆ తర్వాత మళ్లీ. ఎలక కొరికింది ఒకచోటే. పడవ నిండా అదే కనబడింది.

ఆయన ఏడవలేదు. డబ్బా తెరిచి కూర్చున్నాడు. కోకిల గోనెపట్టా పట్టుకుని పైన నిలబడింది. కానీ గాలిలోనే నీళ్లుంటే సొల్యూషను ఎక్కడ ఆరుతుంది? అతుకు వేస్తే జారింది. తుడిచి వేస్తే మళ్లీ జారింది. సైకిలు ట్యూబులు కోసి వెడల్పు పట్టీలు అతికించి, వాటిమీద తాళ్లు చుట్టి బిగించాడు. పంపు తొక్కాడు. ఒకవైపు కాస్త లేచింది, ఇంకోవైపు నుంచి గాలి ఈల వేసుకుంటూ పోయింది. కాలు మార్చి తొక్కాడు. అవతలి గట్టున జనం చేరి చూస్తున్నారు. ఇవతలా చేరారు.

వెంకటపతి వచ్చి చూశాడు. ఫోను చేసి ఇంకో పడవ అడిగానని, అన్నీ వేరే ఊళ్ల మునకల్లో ఉన్నాయని చెప్పాడు. నాగలింగం విన్నట్టు లేదు. ఉన్నట్టుండి లేచి, గాలి నింపిన ట్యూబు ఒకటి నడుముకు కట్టుకుని నీళ్లలోకి దిగాడు. నాలుగడుగులు వేసేసరికి ఏరు ఆయన్ని పక్కకు పడేసింది. వెంకటపతి, మరో ఇద్దరూ తాడు వేసి లాగి, గట్టు మీద పడుకోబెట్టి, లేవకుండా అదిమి పట్టుకున్నారు.

ఎల్లప్ప మళ్లీ వచ్చి అరిచాడు. ఈసారి మాట స్పష్టంగానే వినిపించింది.

"అక్క చెప్తా ఉండాది. వానలో నిలబడొద్దంట. తల తుడుచుకోమంట."

అంతవరకు బిగబట్టుకున్న మనిషి అప్పుడు ఏడ్చాడు. పట్టుకున్నవాళ్లు చేతులు వదిలేశారు.

నీళ్లు దిగి ఆనకట్ట గోడ తేలాక, జనం చేయీ చేయీ పట్టుకుని వరస కట్టి, రుక్మిణమ్మను మంచంతో సహా ఇవతలికి చేర్చారు. అప్పటికే కాలు నల్లబడి వాసన వేస్తోంది. తిరువళ్ళూరు పెద్దాసుపత్రిలో డాక్టరు చూసి, ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే బాగుండేదని మెల్లగా అన్నాడు. మోకాలి పైదాకా తీసేశారు.

తెలివి వచ్చాక ఆమె మొదట చూసింది తమ్ముడి మొహం.

"నాగా, ఆ పొద్దు పడవ యాల రాలేదురా? పిండి చాలలేదా? అంటుకునిపోయినాదా?"

నిజం నాగలింగం నోటిదాకా వచ్చింది. కాలు పోయిన మనిషికి, నీ పిండే నీ కాలు తీసిందని ఎలా చెప్పడం?

"పిండి బాగా చాలినాదక్కా. పంపు చెడిపోయినాది," అన్నాడు.

"అట్లనా," అంది ఆమె. మనసు కుదుటపడ్డట్టు కళ్లు మూసుకుంది.

గుంత మగ్గానికి రెండు కాళ్లూ కావాలి. తొక్కుడు చెక్కలు ఒంటికాలికి లొంగవు. నాగలింగం అక్కను తన ఇంటికి తెచ్చుకున్నాడు. కోకిల వదినను కంటికి రెప్పలా చూసుకుంది. అయినా పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ చేతులు ఆడుతూ బతికిన మనిషి, గోడకు ఆనుకుని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే చూడటం వాళ్లిద్దరి వల్లా కాలేదు.

మళ్లీ మార్గళి వచ్చేసరికి వేరే పడవ వచ్చింది. దాంతో తెల్లపొడి డబ్బాలు కావలసినన్ని వచ్చాయి. నాగలింగం వాటిని స్టోరులోనే దాచాడు. రుక్మిణమ్మకు పడవ వచ్చిందని మాత్రం తెలిసింది. ఆ పొద్దే కోకిలను అడిగి బియ్యం నానబోయించుకుంది. తడి ఆరాక రోలు దగ్గరికి జరిపించుకుని దంచింది. పాత కొంగు పరిచి జల్లించడం మొదలుపెట్టింది. చాలా రోజుల తర్వాత ఆమె మొహంలో పనిలో ఉన్న మనిషి కళ కనిపించింది. వద్దనే ధైర్యం మొగుడికీ లేదు, పెళ్లానికీ లేదు. పడవకని తీసుకున్న ఆ పిండితో కోకిల చెప్పకుండా దోసెలు పోస్తే, దోసెలు మెత్తగా ఉన్నాయని రుక్మిణమ్మే మెచ్చుకుని తింది. నాగలింగం తన పళ్లెం పక్కకు జరిపాడు.

మరునాడు పొద్దున ఆయన గుమ్మంలో కూర్చుని పడవ తాడు పురి పెడుతున్నాడు. అక్క మిగిలిన పిండి జల్లిస్తోంది. దూలం మీద ఏదో గబగబా పరుగెత్తింది.

"కోకిలా, ఈ పిండి మూటకట్టి పైన వేలాడదీయమ్మా," అంది రుక్మిణమ్మ తల ఎత్తకుండానే. "ఎలకలు ఉండాయి. గంజి వాసన తగిలితే అవి దేన్నీ వదలవు."

అన్నాక ఆమె చెయ్యి ఆగిపోయింది. కొంగులోని పిండి వంక చూసింది. గుమ్మం వైపు తిరిగి తమ్ముడి వీపు వంక చూసింది. తాడు పురి పెట్టే చెయ్యి కూడా ఆగింది. కోకిల వంటింటి తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"నాగా," అంది ఆమె. "ఆ పొద్దు చెడిపోయినాది పంపే కదా?"

"పంపే అక్కా," అన్నాడు నాగలింగం, వెనక్కి తిరగకుండా.

ఆమె చేతిలోని కొంగుతోనే కళ్లు తుడుచుకోబోయి, అందులో పిండి ఉందని ఆగి, ముంజేతితో తుడుచుకుంది. తర్వాత మళ్లీ జల్లించసాగింది.

"అయితే ఇంకొంచెం సన్నంగా జల్లిస్తాలే," అంది.