టీచరుగారి ఎర్రచార తాబేలు

మా పక్కింటి సైన్సు టీచరుగారు పోయిన వారం కన్నుమూశారు. నరసాపురంలో నేను విలేకరిగా చేరిన నాటి నుంచీ వాళ్ల పెరటికీ మా పెరటికీ మధ్య ఒకటే గోడ. ఆఫీసుకు ఫోన్ చేసి కబురు చెప్పిన నా భార్య, ఏడుస్తూనే, "తాబేలుకి మేత ఎవరు వేస్తారండీ?" అని అడిగింది.

ఆ తాబేలు మన గోదావరిది కాదు. చెవుల దగ్గర ఎర్ర చార ఉండే విదేశీ జాతి. రూపాయి బిళ్లంత ఉన్నప్పుడు షాపుల్లో అమ్ముతారు. పళ్లెమంత అయ్యాక, తొట్టె చాలక, కొన్నవాళ్లు నీళ్లలో వదిలేస్తారు.

అలా వదిలిన ఒక కుటుంబం గురించి నేనోసారి చిన్న వార్త రాశాను. "మూగజీవికి స్వేచ్ఛ" అని శీర్షిక. మర్నాడు పొద్దున్నే టీచరుగారు పేపరు పట్టుకుని వచ్చారు. శీర్షిక చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది.

"దానికి స్వేచ్ఛ సరేనండి. మరి మన తాబేళ్ల సంగతేంటి? రాసేముందు ఎవరినైనా అడిగారా?"

అడగలేదు. ఆవిడే చెప్పారు. అది ఏది దొరికితే అది తింటుంది. మన తాబేళ్ల తిండికీ, అవి ఎండ కాగే చోటుకీ పోటీ వస్తుంది. వాటికి అలవాటు లేని రోగాలు మోసుకొస్తుంది. చెప్పడం అయ్యాక పేపరు మడిచి, "నేనూ వదిలానండి," అన్నారు.

బదిలీ మీద ఊరు మారుతున్నప్పుడు, తన రెండు తాబేళ్లకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని కాలవలో వదిలారట. "ఇంత గోదారి ఉండగా తొట్టెలో ఏంటి పాపం అనుకున్నాను. సైన్సు చెప్పేదాన్ని, నేను." కొన్నేళ్లకు తిరిగి వచ్చేసరికి కాలవ గట్టున అలాంటివే కొన్ని ఎండ కాగుతూ కనిపించాయి. అవి తను వదిలినవాటి సంతతేనని రుజువు లేదు. నేను ఆ మాటే అన్నాను.

"కాదనడానికీ లేదు కదండీ," అన్నారు.

అప్పట్నుంచి ప్రతి తరగతిలోనూ ఈ తప్పు చెప్పుకునేవారు. పిల్లలు చాటుగా తాబేలు టీచరు అనేవారు. "నెమ్మదిగా అయినా సిలబస్ పూర్తి చేశాను కదరా," అని నవ్వేవారు. ఎవరో కాలవలో వదలబోతున్న తాబేలును అడిగి తెచ్చుకుని, పెరట్లో సిమెంటు తొట్టెలో పెంచారు. సాయంత్రం ఆవిడ నడుముకున్న తాళాల గుత్తి చప్పుడు కాగానే అది మెడ చాచేది. "హాజరు పలుకుతోందండి," అనేవారు గోడవతల నుంచి.

అస్థికలు కలిపే రోజు రేవుకి నేనూ వెళ్లాను. తుని నుంచి వచ్చిన ఆవిడ తమ్ముడి ఒక చేతిలో కుండ, రెండో చేతిలో బకెట్టు. బకెట్టులో తాబేలు.

"అక్క ప్రాణంగా పెంచుకుంది కదండీ. కూర్మం. వదిలితే తనకి పుణ్యం. ఇంత గోదారి ఉండగా తొట్టెలో ఏంటండి పాపం?"

అవే మాటలు. వాళ్లక్క చెప్పిన సంగతి ఆ మెట్ల మీదే చెప్పాను, పసుపు బొట్టుతో సహా. ఆయన బకెట్టు కింద పెట్టేశారు.

"ఊరందరికీ చెప్పుకుంది. నాకు చెప్పలేదండి," అన్నారు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. తువ్వాలు తీసి, "మరి దీన్ని?" అన్నారు.

"మా ఇంటికి తీసుకెళ్తానండి."

ఆయన కుండతో మెట్లు దిగారు. ఇంటికి తాళం వేసి వచ్చినట్టున్నారు, టీచరుగారి తాళాల గుత్తి ఆయన నడుముకు ఉంది. ఒక్కో మెట్టుకూ అది చప్పుడు చేసింది. బకెట్టులో తాబేలు మెడ చాచి అటే చూస్తోంది.