న్యూ ఫోల్డర్‌లో పోయిన నీలం

‘శాశ్వతంగా తొలగించాలా?’ అని లాప్‌టాప్ అడిగింది. అవునని నొక్కాను. ఆకుపచ్చ గీత ఒకటి ఎడమ నుంచి కుడికి పాకి మాయమైంది. ఆపి మళ్లీ ఆన్ చేస్తే, కాఫీ గ్లాసు నోటిదాకా వచ్చేలోపే తెర మీద అన్నీ వచ్చేశాయి.

మా ఆవిడను పిలిచి చూపించాను.

“అయితే ఇంక దాన్ని తిట్టడం మానేసి నన్ను తిట్టండి. నేనూ బేగి బాగుపడతాను” అంది.

నర్సీపట్నంలో ముప్ఫయ్యేళ్లు విలేకరిగా పనిచేసి మానుకున్నవాణ్ణి. పాత కంప్యూటర్ చనిపోతే, బజారులో దొరికిన వాటిలో చవకైన లాప్‌టాప్ కొన్నాను. మీట నొక్కి, స్నానం చేసి వచ్చినా చక్రం తిరుగుతూనే ఉండేది. “కొత్త కోడలికి బెరుకుంటాదండీ, నాలుగు రోజులు ఆగండి” అని మా ఆవిడ వేళాకోళం చేసేది. నేనూ ఆగుదామనే అనుకున్నాను. అంతలో ఏటికొప్పాక నుంచి ఫోన్ వచ్చింది.

అక్కడ లక్క బొమ్మలు చేసే ఒక పెద్దాయన నాకు చాలాకాలంగా పరిచయం. ఆయన చేసే నీలం రంగు ఊళ్లో మరెవరికీ కుదరదని పేరు. కొన్ని ఆదివారాలు నన్ను కూర్చోబెట్టి ఆ తయారీ అంతా చెప్పాడు. చివర్న ఒక షరతు పెట్టాడు.

“నేనుండగా పేపర్లో ఎయ్యకండి బాబూ. నా కూతురికే సెప్పలేదు. ఆడపిల్ల, ఏ ఊరెల్తాదో ఏటో. దాంతోపాటు రంగూ ఎల్లిపోతాది.”

ఇంటికొచ్చి అంతా టైపు చేశాను. నోటుపుస్తకంలో కాగితాలు చింపేశాను. పేరు చెప్పొద్దన్నవాళ్లను కాపాడటానికి ఉద్యోగంలో నేర్చుకున్న అలవాటది.

కూతురు ఏ ఊరూ వెళ్లలేదు. ఆ ఊరివాణ్ణే చేసుకుంది, ఇప్పుడు తండ్రి పనిముట్ల ముందు కూర్చుంటోంది. ఆయనకు మొన్న వానల్లో పక్షవాతం వచ్చి మాటా, రాసే చెయ్యీ పడిపోయాయి. ఫోన్ చేసింది ఆమే.

“నీలం సంగతి మీకాడుందంట బాబుగారూ. నాన్న మీ నంబరు సూపించి సైగ సేసేడు, ఇచ్చెయ్యమన్నాడు. ఎరుపూ పసుపూ నేనే సేస్తన్నాను. నీలమే నా మాట ఇనట్లేదు.”

“లాప్‌టాప్ నెమ్మదిగా ఉందమ్మా. బాగుచేసి, వెతికి, ప్రింటు తీసి ఇస్తాను” అన్నాను.

అందుకోసమే మొదలుపెట్టాను. అమ్మినాయన సలహా ప్రకారం, ఆన్ చేయగానే వాటంతటవే లేచే యాప్‌లను ఆపాను. అడగకుండా వచ్చిన ఆటలు తీసేశాను. కొంత నయమనిపించింది కానీ, చోటు లేదని చూపే ఎర్ర గీత పోలేదు. ఎవరు తింటున్నారా అని వెతికితే ‘న్యూ ఫోల్డర్ 2’ కనిపించింది. నేను పెట్టిన పేరు కాదు. లోపల వందల ఫైళ్లు. మూడు తెరిచాను. డాలరు గుర్తులు, కామాలు, తలకిందుల ప్రశ్నార్థకాలు. మరికొన్ని అసలు తెరుచుకోలేదు. అర్థం కాని వాక్యాన్ని కొట్టెయ్యమని డెస్కులో నాకు మొదటి రోజే నేర్పారు. కొట్టేశాను.

మూడో రోజున పాత సహోద్యోగి ఒకాయన తన వ్యాసం మెయిల్ చేశాడు. తెరిస్తే అవే డాలరు గుర్తులు. ఫోన్ చేశాను.

“పాత ఫాంటులో కొట్టానయ్యా. నీ దాంట్లో ఆ ఫాంటు లేదా?” అన్నాడు.

పాతికేళ్లు ఆ ఫాంటులోనే కొట్టినవాణ్ణి. నా తెర మీద అది ఎప్పుడూ తెలుగుగానే కనిపించింది. ఫాంటు లేనప్పుడు ఎలా ఉంటుందో చూసే అవసరమే రాలేదు.

లాప్‌టాప్ అమ్మిన షాపాయనకు ఫోన్ చేశాను.

“మీ పాత ఫైళ్లన్నీ ఆ న్యూ ఫోల్డర్లోనే ఏసేనండీ, సెప్పేను కూడానూ. ఫాంటు మీరడగలేదు.”

“పాత డిస్కు?”

“పాతసామాన్లలో ఎల్లిపోయిందండీ. ఇంక ఆ లాప్‌టాప్ ఆన్ సెయ్యకండి. వాడేకొద్దీ సెరిగిపోతాది. విశాఖలో పోయినవి తిరిగి తీసేవోళ్లున్నారు గానీ, వస్తాదని నేను మాటివ్వలేను.”

బాగుపడిన లాప్‌టాప్‌ను మూసి బీరువాలో పెట్టాను. విశాఖ బస్సులు గంటగంటకూ ఉన్నాయి. అక్కడ లేదనేస్తే ఇక వెళ్లడానికి వేరే చోటు ఉండదు. అందుకే రోజూ రేపనుకుంటున్నాను.

ఆమె ఈ మధ్య మళ్లీ ఫోన్ చేసింది.

“ఇంకా నెమ్మదిగానే ఉందేటి బాబుగారూ?”

“ఉందమ్మా” అన్నాను. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి వింది.

గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద రాయడం మొదలుపెట్టాను. నీలి ఆకు కోసే వేళ గుర్తుంది. లక్కలో కలిపే తీరు గుర్తుంది. ఆకు ఎన్ని పూటలు నానాలన్నాడో, మూడా అయిదా, అక్కడ ఖాళీ వదిలాను.