చిన్న ఓడకు పెట్టిన టిక్కు

నరసరావుపేటలో మాది పురుగుమందుల కొట్టు. ఎనభైల నడుమ ఒక ఏడు పత్తికి పురుగు విపరీతంగా పట్టి, మా కొట్లో దించిన డబ్బాలు దించినట్టే అయిపోయాయి. ఆ అమ్మకానికి మెచ్చి కంపెనీవాళ్ళు ఒక బహుమతి పంపారు. సింగపూరు నుంచి నాలుగు రోజుల ఓడ ప్రయాణం, ఇద్దరికి. కవరులో నున్నటి కాగితాల పుస్తకాలు రెండు, ఒక ఫారం ఉన్నాయి. పెద్ద ఓడ కావాలో, చిన్న ఓడ కావాలో మేమే తేల్చుకుని గడిలో టిక్కు పెట్టి పంపాలట.

ఇంట్లో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. పి.యు.సి. దాకా చదివాను. అయినా ఆ పుస్తకాలు సగమే అర్థమయ్యాయి. పెద్ద ఓడలో తొమ్మిది అంతస్తులు, వెయ్యిమంది జనం, సినిమా హాలు, బట్టల కొట్లు. చిన్నదాంట్లో అరవై గదులే. గదికొక మనిషి కనిపెట్టుకుని ఉంటాడు. పెద్ద ఓడలు పోలేని దీవుల దగ్గరికి పోతుంది. చదివి చెబితే మా ఆయన మొహం చిట్లించారు.

"చిన్నది మనకెందుకే? అందరికన్నా మనమే గదా ఎక్కువ అమ్మింది!"

"చిన్నదే ఖరీదని రాశారండీ."

"చిన్నది ఖరీదు ఎట్టయిద్ది? సరిగ్గా చదువు."

మళ్ళీ చదివాను. అదే ఉంది. చింతపండులో గింజలు తీస్తూ వింటున్న మా అత్తగారు, "రెంటిలో ఏది మునగదో అది రాయి, పోయిద్ది" అంది. పుస్తకంలో ఆ సంగతి ఎక్కడా లేదు.

మా ఎరికలో ఊళ్ళో ఓడెక్కిన మనిషి ఒక్కరే. మా కొట్టు పక్కన మందు కొట్టే పంపులు బాగుచేసే మెకానిక్కు వాళ్ళమ్మ. బొంబాయిలో ఓడెక్కి మక్కా పోయివచ్చింది. వెళ్ళి అడిగాను.

"పెద్దమ్మా, నువ్వెక్కింది పెద్ద ఓడేనా?"

"చానా పెద్దదమ్మాయ్. మూడు దినాలు బాత్రూం ఎటుందో తెలవలా నాకు."

"అయితే చిన్నదే మంచిదంటావా?"

"పెద్దదానికే నా పేగులు నోట్లోకొచ్చినయ్. చిన్నదయితే ఇంకేమన్నా ఉందా?" టీ గ్లాసు నా చేతికిస్తూ, "అయినా అంతమంది జనంలో ఏం పడుకుంటాం, చిన్నదే నయంలే" అంది.

ఏది ఎక్కమందో తెలియకుండానే ఆమె ఇచ్చిన టీ తాగి వచ్చేశాను.

ఓడ ఊపుకు తట్టుకుంటామో లేదో చూద్దామని ఒక ఆదివారం మా ఆయన నన్నూ అత్తగారినీ వెంటబెట్టుకుని బస్సెక్కారు. మాచర్ల మీదుగా సాగర్ పోయి, నాగార్జునకొండకు లాంచీ ఎక్కాం. ఒడ్డు కాస్త దూరమయిందో లేదో ఆయన బల్లను రెండు చేతులా గట్టిగా పట్టుకున్నారు. కొండ చేరేలోపు రెండుసార్లు వాంతి చేసుకున్నారు. తిరుపతి దాటి ఎరగని మా అత్తగారేమో ముందుకు పోయి, కొంగు నడుముకు చుట్టి, నీళ్ళు మొహాన పడుతున్నా కదలకుండా నిలబడింది. లాంచీ నడిపే అతన్ని పిలిచి, "ఇంకొంచెం జోరుగా పోదా నాయనా ఇది?" అని అడిగింది.

తిరిగివచ్చేటప్పుడు మాచర్ల బస్టాండులో సోడా తాగుతూ మా ఆయన, "నావల్ల కాదు. మీ ఇద్దరూ పోండి" అన్నారు.

"నేనా?" అంది అత్తగారు. పోనని మాత్రం అనలేదు.

ఇంటికి చేరగానే ఆవిడ నన్ను కూర్చోబెట్టింది. "పెద్దదే రాయి. వెయ్యిమందిలో ఒక తెలుగామె అన్నా ఉండదా? మాట్లాడుకోవచ్చు."

సరేనన్నాను. వంటింట్లో ఫారం పరుచుకుని కూర్చుంటే చెయ్యి కదల్లేదు. పెళ్ళయి పదకొండేళ్ళు. ఎవరో ఒకరు పిలవని గంట లేదు నాకు. వెయ్యిమంది అన్న మాట తలుచుకుంటేనే తల తిరిగింది. అటు చూస్తే ఆవిడ ముచ్చట. ఏది న్యాయమో తేల్చుకోలేకపోయాను. చివరికి చిన్న ఓడ గడిలో టిక్కు పెట్టి, మడిచి, కవరు అంటించమని మా ఆయన చేతికిచ్చాను. అత్తగారు, "పెద్దదే గదా?" అంది. "పెద్దదేనత్తయ్యా" అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు.

పాస్‌పోర్టుల ఎంక్వైరీకి వచ్చిన కానిస్టేబులుక్కూడా ఆవిడ, "పెద్ద ఓడయ్యా, తొమ్మిది అంతస్తులు" అని చెప్పింది. నేను లోపలికి పోయి నిలబడ్డాను.

సింగపూరు రేవులో మా తెల్ల ఓడ పక్కనే దానికి నాలుగింతలున్న ఓడ ఆగి ఉంది. అత్తగారు తలెత్తి దాన్ని పైదాకా చూసి, "అది సరుకులదా?" అంది.

"అవునత్తయ్యా."

"మనుషులదాంట్లో మనదే పెద్దది గామాల" అని మెట్లెక్కింది.

నేను కోరుకున్న నిశ్శబ్దం దొరకలేదు. తెలుగు వచ్చినవాళ్ళు ఇంకెవరూ లేకపోయేసరికి నాలుగు రోజులూ ఆవిడ నాతోనే మాట్లాడింది. చిన్నప్పటి సంగతులు, నేను ఎన్నడూ వినని మా మామగారి కోపతాపాలు, పుట్టి పదోరోజుకే పోయిన ఒక ఆడపిల్ల. అరటిపండ్లు, మేం తెచ్చుకున్న అటుకులు, పెరుగు తిన్నాం. మా గది మనిషి రోజూ పొద్దున వచ్చి ఇంగ్లీషులో ఏదో అడిగేవాడు. అర్థం కాకపోయినా ఎస్ అనేదాన్ని. ఒకరోజు పూలొచ్చాయి, ఒకరోజు రెండు దిండ్లు ఎక్కువొచ్చాయి.

మూడోరోజు ఓడ ఒక దీవి పక్కన ఆగింది. ఇసుకలో కోళ్ళు తిరగటం కూడా కనిపించేంత దగ్గర. అత్తగారు కమ్మీ పట్టుకుని, "మంచి పని చేశావే పెద్దది రాసి. చిన్నదయితే ఇంతదూరం వచ్చేదా?" అంది. నిజం చెబుదామని నోరు తెరిచాను. ఆవిడ నా చేతిమీద చెయ్యి వేసింది. నేను కోళ్ళవంకకు చూపు తిప్పుకున్నాను.

ఇంటికొచ్చాక మా ఆయనకు ఆవిడ పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన అంతా విని, నా వంక ఒకసారి చూసి, "పెద్ద ఓడ పెద్ద ఓడేనమ్మా" అన్నారు. కవరు అంటించింది ఆయనే. అంటించేముందు ఫారం విప్పి చూశారో లేదో నాకు తెలియదు.