పెద్దమ్మ చూడని లోయ

మా పెద్దమ్మ కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసి రిటైరైంది. ఊళ్లో సగం మందిని అక్షరాల పట్టిక ముందు కూర్చోబెట్టి, అద్దాలు మార్చి మార్చి చూపించడంలోనే ఆవిడ జుట్టు నెరిసింది. అలాంటి మనిషి కొండ దాటేటప్పుడు మాత్రం కళ్లు మూసుకునేది.

కొండ అవతలి ఊళ్లో ఆవిడ అన్నయ్య ఉండేవాడు. ఏటా వేసవిలో బస్సెక్కడం, మొదటి మలుపుకే ఆవిడకు కడుపులో తిప్పడం మామూలు. నిమ్మకాయ ముక్కుకు అదుముకుని, రెప్పలు బిగించి, దేవుణ్ణీ రోడ్డు వేసిన ఇంజినీరునూ కలిపి తిట్టేది. "కళ్లు తెరిస్తే లోయ లోపలికొస్తుందిరా, లోపలున్నది బయటికొస్తుంది" అనేది.

అందుకని లోయను పెదనాన్న చూపించేవాడు, నోటితో. గోడౌన్‌లో బస్తాలు లెక్కపెట్టే ఆయనకు ఇంటా బయటా రేడియో అని పేరు. "అదుగో జలపాతం, పాలు పొంగినట్టుంది. ఆ చెరువు చూడు, ఎవరో అద్దం పారేసుకున్నట్టు. ఆ రాయి అచ్చం పడుకున్న ఏనుగే" అని ఆవిడ చెవిలో చెప్పేవాడు. ఏటేటా జలపాతం ఎత్తు పెరిగేది. ఒక ఏడాది జింకలు కూడా దిగాయి. మూసిన రెప్పల వెనక ఆవిడ ఆ మాటలతోనే ఒక లోయను కట్టుకుంది. దాని మీద ఎప్పుడూ సన్నగా వాన పడుతుండేదట.

తర్వాత అన్నయ్యే మా ఊరొచ్చి పోతుండడంతో ఆ ప్రయాణాలు ఆగిపోయాయి. ఈలోగా కొండ రోడ్డును వెడల్పు చేశారు, మలుపులు సాగదీశారు, లోయ మీద వంతెన వేశారు. ఇప్పుడు కడుపులో చల్ల కదలకుండా వెళ్లొచ్చని ఎవరో చెప్పారు. అరవై దాటిన పెద్దమ్మకు ఒకే ఒక్క కోరిక పుట్టింది. ఆ లోయను కళ్లు తెరిచి చూడాలి.

అదే రోజు పెదనాన్నకు మోకాలినొప్పి పుట్టింది.

"ఇప్పుడేముందే అక్కడ, అంతా సిమెంటు."

"మీరు మానేయండి. ఎక్కడేముందో అన్నీ మీరే చెప్పారుగా, నేను చూసుకుంటాలే."

ఆ మాటతో నొప్పి తగ్గింది. నా కారులో వెనక సీట్లో ఇద్దరూ కూర్చున్నారు.

రోడ్డు నిజంగానే ఇస్త్రీ చేసిన గుడ్డలా ఉంది. పెద్దమ్మ నిమ్మకాయ పట్టుకుని ఎదురుచూసింది. కడుపు ఏమీ అనలేదు. అద్దం దించి తల బయటపెట్టింది.

"ఏవండీ, మీ ఏనుగు రాయేది?"

"పేల్చేశారు. రోడ్డు వెడల్పు చెయ్యాలి కదా."

"చెరువు?"

"పూడ్చేశారు."

"జలపాతం కూడా పూడ్చారా?"

"పైపులో పెట్టారు. గవర్నమెంటు తలుచుకుంటే పైపులకి కొదవా?"

"మరి జింకలో?"

"ట్రాన్స్‌ఫరయ్యాయి."

నాకు నవ్వాగలేదు. పెద్దమ్మకు రాలేదు. వంతెన మీద, బళ్లు ఆపుకునే చోట, కారు ఆపించింది.

"దిగండి. ఏది ఎక్కడుండేదో వేలు పెట్టి చూపించండి."

పెదనాన్న దిగలేదు. రెండు చేతులతో ముందు సీటు పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు. అలా మూసుకోవడం ఎలా ఉంటుందో ఆవిడకన్నా బాగా ఎవరికి తెలుసు?

"ఎప్పట్నుంచి ఇది?"

"మొదటి బస్సు నుంచే. కిందికి చూస్తే నాకు కాళ్లు చచ్చుబడతాయే. నువ్వెలాగూ చూడవు కనక బతికిపోయాను. మాట్లాడుతుంటే భయం తగ్గేది."

"అయితే ఆ జలపాతం?"

"ఇంజన్లో నీళ్లు మరుగుతుండేవి. ఆ చప్పుడు."

తిడుతుందనుకున్నాను. ఆవిడకు తిట్లకు ఏనాడూ కరువు లేదు. కానీ ఒక్కతే వెళ్లి వంతెన కమ్మీ దగ్గర నిలబడింది. కింద పొదలు, ఎర్రమట్టి చరియ, అడుగున ఊడిపోయిన నాడాలా పాత రోడ్డు. మబ్బునీడ ఒకటి పనీపాటా లేనట్టు కొండ దిగుతోంది. పెద్దమ్మ కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది. నీడ అడుగుకు చేరేదాకా కదల్లేదు.

తిరిగొచ్చి చెయ్యి చాచింది.

"రండి."

"పడతానే."

"నేను పట్టుకుంటాగా."

ఆవిడ భుజాలు పట్టుకుని, కళ్లు మూసుకునే, పిల్లల రైలాటలో ఆఖరి పెట్టెలా నడిచాడు. పక్కనుంచి పోతున్న లారీవాడు హారన్ కొట్టి మరీ నవ్వాడు.

"లోతెంతుందే?"

అట్టడుగున పాత రోడ్డు మీద ఒక ట్రాక్టరు చీమలా పాకుతోంది.

"ఏముంది, మన వంటింటి గట్టంత కూడా లేదు. తెరవండి."

ఆయన ఒక కన్ను తెరిచాడు. చప్పున మూసి, రెండు చేతులతో కమ్మీని కావలించుకుని, ఇన్నేళ్ల కాపురంలో మొదటిసారి ఆవిడను అబద్ధాలకోరు అన్నాడు.

"తిట్టేదేదో రెండు కళ్లూ తెరిచి తిట్టండి," అంది పెద్దమ్మ.