దేవసహాయం గారికి అర్థం కాలేదు

మా దేవసహాయం గారికి ఏదీ అర్థం కాదు. అదేమంత నేరం కాదు. లోకంలో చాలామందికి చాలా సంగతులు అర్థం కావు. వాళ్ళు మర్యాదగా తలూపి ఊరుకుంటారు. ఈయన ఊరుకోరు! చెయ్యెత్తుతారు, లేచి నిలబడతారు, హాలు చివరిదాకా వినిపించేలా "సార్, నాకు అర్థం కాలేదండి" అంటారు. పుట్టినప్పుడు మంత్రసాని "మగపిల్లాడు" అని చెబితే, ఇంకోసారి చెప్పమని ఏడ్చారని మా ఆఫీసులో ఓ కథ.

తెనాలిలో మా సముద్రిక ఫీడ్స్ రొయ్యల మేత తయారుచేసే కంపెనీ. బాపట్లలో ఒక డిపో, రేపల్లెలో ఒక డిపో. నేను ట్రైనింగ్ ఆఫీసర్ని. నాయకత్వం, సమయపాలన, మాట్లాడే తీరు, మనిషి ఎదగడమెలా, ఎదిగాక ఒదగడమెలా అని నెలకో నిపుణుణ్ణి పిలిపించి మావాళ్ళకు పాఠాలు చెప్పించడం నా పని. దేవసహాయం గారు డిస్పాచ్ సూపర్‌వైజరు. రోజూ కొలకలూరు నుంచి మోపెడ్ మీద, ముందు క్యారేజీ తగిలించుకుని వస్తారు. ఇరవయ్యేళ్ళుగా ఆయన చేతిమీదుగా వెళ్ళిన బస్తా ఒక్కటి కూడా దారి తప్పిందని మేం వినలేదు. ఏమీ అర్థం కాని మనిషి అంత తప్పులేకుండా ఎలా పనిచేస్తున్నారన్న ప్రశ్న మాకెవరికీ రాలేదు. నవ్వుకోవడానికి మనిషి దొరికాక ఆలోచించే తీరిక ఎవరికుంటుంది?

ఆయన చెయ్యెత్తడం ఒక క్రతువు. ముందు కళ్ళజోడు తీస్తారు. చొక్కా అంచుతో తుడుస్తారు. మళ్ళీ పెట్టుకుని హాలును ఈ మూల నుంచి ఆ మూలకు ఒకసారి చూస్తారు. అప్పుడు, నీళ్ళు పెట్టిన మడిలో కొంగ మెడ లేపినట్టు, తెల్లటి పొడుగు చేతుల చొక్కాలో ఆ చెయ్యి తీరిగ్గా పైకి లేస్తుంది. అంతే, పాఠం చెప్పేవాళ్ళు మంచినీళ్ళ గ్లాసు వెతుక్కుంటారు.

ఒకసారి సమయపాలన నేర్పడానికి హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చారు. బోర్డు మీద నాలుగు గళ్ళు గీశారు. "ఇది అర్జెంటు, ఇది ముఖ్యం, ఇది రెండూ, ఇది రెండూ కాదు. మీ జీవితంలో ఏ పనైనా ఈ నాలుగు గళ్ళలో ఒకదాంట్లో పడి తీరాలి!"

కొంగ మెడ లేచింది.

"సార్, అర్థం కాలేదండి. రేపల్లె ప్యాసింజరు ఏ గడిలో పడుతుందండి?"

"అది ఎన్నింటికొస్తుంది?"

"అదే ఎవరికీ అర్థం కాలేదండి."

హాలు పగలబడి నవ్వింది. పాపం, ఆయన స్లైడ్లు పక్కనపెట్టి, మన చేతిలో లేని ఆలస్యాల చుట్టూ మన పనుల్ని ఎలా సర్దుకోవాలో నలభై నిమిషాలు చెప్పాల్సి వచ్చింది. వెనక వరసలో లోడింగు చూసే సుబ్బారావు, ఉద్యోగంలో చేరాక మొదటిసారి, పుస్తకం తెరిచి ఏదో రాసుకున్నాడు. నేనది చూశాను. చూసి వదిలేశాను.

ఇంకోసారి ఒక మేడమ్ గారు వచ్చి, చేతులు చాచి, "మీ కంఫర్ట్ జోన్‌లోంచి బయటికి రండి! ఇవాళే రండి! అందరూ రండి!" అన్నారు.

"మేడమ్, అర్థం కాలేదండి. అందరం బయటికొచ్చేస్తే గోడౌన్ ఎవరు చూస్తారండి?"

సాయంత్రం దాకా ఉండాల్సిన మేడమ్ మధ్యాహ్నం రైలుకే బయల్దేరారు. తెనాలి స్టేషన్లో పెట్టె అందిస్తుంటే నా చెవి దగ్గరికి వంగి, "ఆయన విజయవాడ కూడా వస్తుంటారా?" అని అడిగారు.

మొన్న జూన్‌లో మా యజమాని పూర్ణచంద్రరావు గారు నన్ను పిలిచారు.

"ఏమ్మా భవ్యా, బాపట్లలో రెండ్రోజుల ట్రైనింగు పెట్టు. రేపల్లె డిపోకి ఇన్‌ఛార్జి కావాలి. మనవాళ్ళల్లో ఎవరైనా తేలితే సరే, లేకపోతే విజయవాడ నుంచి మనిషిని తెప్పిస్తా."

"అలాగేనండి."

"దేవసహాయం మాత్రం రాకూడదు."

"ఆయన ఆగరండి. పోయినసారి పని చెప్పి బాపట్ల పంపించేస్తే, ముగించుకుని మధ్యాహ్నం బస్సుకి వచ్చేశారు. క్యారేజీ కూడా క్లాసులోనే విప్పారండి."

"పెళ్ళి వీడియోకి అడ్డంగా నిలబడే బంధువమ్మా ఆయన. తాళి కట్టేటప్పుడు చూద్దామంటే ఆయన వీపే కనపడుద్ది. నీ ప్రొబేషను ఈ నెలతో అయిపోతుంది కదూ? చూసుకో మరి."

చూసుకున్నాను. రేపల్లెలో బస్తాలు రెండ్రోజులు లెక్కపెట్టమని దేవసహాయం గారికి కాగితం ఇచ్చాను.

"రెండ్రోజులా అమ్మా? అక్కడున్నవి నాలుగొందలేగా. అర్థం కాలేదు."

"ఒకటికి రెండుసార్లు చూడండి బాబాయ్ గారూ."

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, నా మొహంకేసి చూశారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

బాపట్లకు పదకొండు మంది వచ్చారు. వాళ్ళలో అనసూయ గారు ఒకరు. ప్యాకింగు సెక్షన్లో షిఫ్టు చూస్తారు. ఇల్లు రేపల్లెలో. తొమ్మిదేళ్ళుగా చీకటితో లేచి తెనాలి రైలెక్కుతున్నారు. రేపల్లె డిపో వస్తే ఇంటి నుంచి నడిచి వెళ్ళొచ్చు, పిల్లల్ని బడికి పంపి మరీ వెళ్ళొచ్చు. ఆవిడ ఎంత ఆశపడుతున్నారో కొత్త చీర చూస్తేనే తెలుస్తోంది. సెక్షన్లో ముప్పై మందిని ఒక్క కేకతో నడిపే మనిషి, ప్రొజెక్టరు వెలుగు పడగానే అత్తిపత్తి ఆకులా ముడుచుకుపోతారు.

పాఠం చెప్పడానికి వచ్చిన అభిరామ్ కుర్రాడు, చురుకైనవాడు, మంచివాడు. నడిచే వేగానికి రెట్టింపు వేగంతో మాట్లాడతాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క చెయ్యి లేవలేదు. హాలు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, సూర్యలంక అలలు ఇక్కడిదాకా వినిపిస్తున్నాయని మురిసిపోయాను. అది ఏసీ అని తర్వాత తెలిసింది.

"ఎంత శ్రద్ధండీ మీవాళ్ళది! ఒక్క డౌటూ లేదు!" అన్నాడు అభిరామ్.

నాలుగింటికి చిన్న పరీక్ష పెట్టాడు. కోపంగా వచ్చిన రైతుతో ఎలా మాట్లాడాలో, ఐదు మెట్లు, సొంత మాటల్లో రాయాలి. పదకొండు కాగితాలూ తెచ్చి బల్ల మీద పరిచాం. పదకొండింటిలోనూ ఒకటే జవాబు! తెర మీద మిగిలిపోయిన ఆఖరి స్లైడును పై నుంచి కింద దాకా ఎక్కించేశారు. చివర "థాంక్యూ" ఉంది. దాని కింద అభిరామ్ ఫోన్ నంబరు ఉంది. సుబ్బారావు అయితే మూలనున్న లోగో కూడా బొమ్మ గీసి, రంగు వెయ్యడానికి టైము చాలక వదిలేశాడు.

అభిరామ్ కుర్చీలో కూలబడ్డాడు. "భవ్య గారూ, ఏమనుకోకండి. రేపు పదకొండింటికి మీ సార్ వస్తారుగా, విజయవాడ మనిషినే తెచ్చుకోమని చెప్తాను."

వరండాలో అనసూయ గారు ఒంటరిగా నిలబడి ఉన్నారు.

"అర్థం కాలేదని ఒక్కమాట అడగొచ్చు కదండీ?" అన్నాను, కోపం నా మీదో ఆవిడ మీదో తెలియకుండా.

"మేమెప్పుడడిగాం మేడమ్? బాబాయ్ అడుగుతారుగా."

"ఆయన తనకి అర్థం కాక అడుగుతారు!"

ఆవిడ నన్ను జాలిగా చూశారు. "ఆయనకి అర్థం కాకపోడమేంటి మేడమ్! కళ్ళజోడు తుడిచి చూసేది ఎవర్ననుకున్నారు? మమ్మల్నే. ఎవరి మొహం తెల్లబోయిందో చూసుకుని, అప్పుడు చెయ్యెత్తుతారు. నేను కనుబొమలు దగ్గరికి తెస్తే చాలు."

వెంటనే రేపల్లెకు ఫోన్ చేశాను.

"బాబాయ్ గారూ, ఎస్కలేషన్ మ్యాట్రిక్స్ అంటే ఏంటండి?"

"ఎవరికి చెప్తే పనవుద్దో, వాళ్ళకి చెప్పినా అవకపోతే ఆ పైన ఎవరికి చెప్పాలో రాసుకున్న చీటీ. ఏమ్మా, ఎవరన్నా అడిగారా?"

"మరి జనవరి క్లాసులో అదే అర్థం కాలేదని గంటసేపు నిలబడ్డారు!"

"నాక్కాదమ్మా. సుబ్బారావుకి."

ఆయనే చెప్పుకొచ్చారు.

"నేను చేరిన కొత్తలో మేత నంబర్ల గురించి క్లాసు పెట్టారమ్మా. ఒకటో నంబరు రొయ్యపిల్లలకి, నాలుగోది పెద్దవాటికి. ఆయనెవరో గడగడా ఇంగ్లీషులో చెప్పుకుపోయాడు. పన్నెండు మందిమి తలూపాం. గంగిరెద్దులు మా దగ్గర నేర్చుకోవాలి, అంత బాగా ఊపాం! మర్నాడు పిల్లల చెరువుకి నాలుగో నంబరు రెండు లారీలు పంపించా. రొయ్యపిల్ల ఇంతుంటే గుళిక అంతుంది. పాపం వాటికి తినాలో, ఎక్కి కూర్చోవాలో తెలీలేదు."

"అయ్యో!"

"పన్నెండు మందిలో ఒక్కడు చెయ్యెత్తుంటే బాగుండేదిగా అనిపించింది. ఆ ఒక్కడూ నేనే ఎందుక్కాకూడదూ అనుకున్నా. నవ్వుతారంటావా? నవ్వనీ. నవ్వేవాడు నిద్రపోడు కదమ్మా."

"రేపు పొద్దున్నే బాపట్ల వచ్చేయండి బాబాయ్ గారూ. బస్తాలు తర్వాత చూసుకోవచ్చు."

"బస్తాల పని పొద్దున పదింటికే అయిపోయింది. రెండోసారి ఎందుకు చూడాలో అర్థం కాక చూళ్ళేదు."

మర్నాడు చెరుకుపల్లి మీదుగా వచ్చే మొదటి బస్సులో క్యారేజీతో సహా దిగారు. నా ప్రొబేషను గుర్తొచ్చింది. అయినా గుమ్మంలోనే చెప్పేశాను. "ఇవాళ మీ ఇష్టం. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు అడగండి."

"ఇవాళ అడగనమ్మా."

"అదేంటండి!"

"రేపల్లె డిపో అనసూయ చేతికొస్తే, అక్కడ పక్కన నేనుండను కదా. తనే అడగాలి."

వెళ్ళి వెనక వరసలో కూర్చున్నారు. అభిరామ్ మొదలుపెట్టాడు. ఒక స్లైడు, రెండు స్లైడ్లు, మూడు. దేవసహాయం గారు కళ్ళజోడు తీశారు. తుడిచారు. పెట్టుకున్నారు. హాలంతా చూశారు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు!

పదకొండు తలలూ వెనక్కి తిరిగాయి. ఆయన కదల్లేదు. అనసూయ గారికేసి చూస్తున్నారు, అంతే. ఏసీ మోగుతోంది. ఎవరో దగ్గారు. అప్పుడు మూడో వరసలో, గాజులు గలగలమంటూ, ఒక చెయ్యి భుజం దాకా వచ్చి ఆగి, మళ్ళీ ధైర్యం తెచ్చుకుని, పూర్తిగా పైకి లేచింది.

"సార్... నాకు అర్థం కాలేదండి."

ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టు సుబ్బారావు చెయ్యి లేచింది. తర్వాత ఇంకోటి. తర్వాత అన్నీ! మడి మొత్తం కొంగలు లేచినట్టు పదకొండు చేతులు!

"ఎక్కడి నుంచి అర్థం కాలేదు?" అన్నాడు అభిరామ్ బెదిరిపోయి.

"నిన్న పొద్దుటి నుంచండి," అన్నారు అనసూయ గారు.

ఆ కుర్రాణ్ణి మెచ్చుకోవాలి. లాప్‌టాప్ మూసేశాడు. వచ్చి బల్ల అంచు మీద కూర్చున్నాడు. "సరే, నేను రైతుని. మేత బాలేదని కేకలేస్తూ డిపోకొచ్చాను. మీరేం చేస్తారు మేడమ్?"

"ముందు మంచినీళ్ళిస్తానండి."

"ఎందుకు?"

"నీళ్ళు తాగేవాడు అరవలేడు కదండీ."

హాలు గొల్లుమంది. అనసూయ గారికి ఇప్పుడు ప్రొజెక్టరు లేదు, ఎదురుగా ఒక రైతు ఉన్నాడు. "కూర్చోబెట్టి చెరువు సంగతి అడుగుతా, బస్తా సంగతి కాదు. చెప్పిందంతా విని, మీరు చెప్పేది ఇదేనా అన్నా అని తిరిగి చెప్తా. తప్పు మాదైతే మాదేనంటా. ఎప్పటికి సరిచేస్తానో చెప్పి, ఆ వేళకి నేనే ఫోన్ చేస్తా, ఆయన చేసేదాకా ఆగను."

అభిరామ్ వేళ్ళు ముడుస్తూ విన్నాడు. ఐదో వేలు ముడిచాడు. "ఐదు మెట్లు," అన్నాడు మెల్లగా. "నా స్లైడులో ఉన్నవి ఇవే. నీళ్ళు మాత్రం లేవు."

అందరం చప్పట్లు కొడుతుండగా గుమ్మంలో పూర్ణచంద్రరావు గారు! ఎంతసేపటి నుంచి నిలబడ్డారో. చూపు తిన్నగా వెనక వరసకు వెళ్ళింది.

"ఏవయ్యా దేవసహాయం, వచ్చేశావా! మళ్ళీ అర్థం కాలేదా?"

దేవసహాయం గారు లేచి నిలబడ్డారు. "లేదండి. ఇవాళ నాకు మొత్తం అర్థమైందండి."

ఇరవయ్యేళ్ళలో మొదటిసారి! సుబ్బారావు కుర్చీ మీదకెక్కి ఈల వేశాడు. పూర్ణచంద్రరావు గారు నాకేసి చూశారు, అనసూయ గారికేసి చూశారు. "నీళ్ళ దగ్గర్నుంచీ విన్నాలే. రేపల్లెకి విజయవాడ నుంచి ఎవరూ అక్కర్లేదు. అమ్మా అనసూయా, సోమవారం వెళ్ళి చేరు," అన్నారు. నాతో మాత్రం, "నీ ప్రొబేషను కాగితం మీద కూడా సంతకం పెడతాలే. ఈసారెప్పుడైనా నేను ఎవర్నైనా రానివ్వొద్దంటే, ఎందుకని ఒకసారి ఎదురడుగు," అని వెళ్ళి దేవసహాయం గారి పక్క కుర్చీలో కూర్చున్నారు.

చివరి పాఠం మిగిలింది. అభిరామ్ ఉత్సాహంగా లాప్‌టాప్ మళ్ళీ తెరిచాడు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? తెర మీద "స్టేక్‌హోల్డర్ అలైన్‌మెంట్" అని పడింది, బాణాలతో, బొమ్మలతో.

వెనక వరసలో దేవసహాయం గారు కళ్ళజోడు తీశారు. తుడిచారు. పెట్టుకుని, ఈసారి హాలంతా చూడకుండా, పక్క కుర్చీకేసి ఒక్కసారి చూశారు. పూర్ణచంద్రరావు గారు కనుబొమలు రెండూ దగ్గరికి తెచ్చి, గంభీరంగా తలూపుతున్నారు.

కొంగ మెడ లేచింది.

"సార్, నాకు అర్థం కాలేదండి."