పామ్ మొక్కకు క్షవరం

మా అన్నయ్య చేతిలో కత్తెర ఉంటే బుర్ర పనిచేయదు. తోడబుట్టినదాన్ని, ఈ మాట అనే హక్కు నాకుంది.

అతని సెలూన్‌లో, అద్దం పక్కన ఎండ తగలని మూలలో వదిన ఒక పామ్ మొక్కను పెంచింది. ఒకటే సన్నని కాండం, పైన ఆకుల గొడుగు. దానికి నీడే ఇష్టం. కిటికీలోంచి వచ్చే వెలుగు చాలు, పైమట్టి ఆరాకే నీళ్ళు పోయాలి. వచ్చేవాళ్ళ తలలు అన్నయ్యవి, మొక్క వదినది.

పెద్ద జబ్బు చేసి ఆస్పత్రిలో చేరే రోజున వదిన, "నేనొచ్చేదాకా దీన్ని చూసుకోండి" అంది. అన్నయ్య దాన్ని కంటికి రెప్పలా చూసుకున్నాడు. తడిగుడ్డతో ఆకులు తుడిచాడు, ఎండిన కొసలు కత్తిరించాడు. అంతవరకూ బాగానే ఉంది. వదిన వచ్చేస్తోందని తెలియగానే ఉత్సాహం పొంగుకొచ్చింది మహానుభావుడికి. మొక్క పైన పలచగా ఉందట, కొస తీస్తే ఒత్తుగా వస్తుందట. మొవ్వు కాస్తా తెగ్గోశాడు.

"ఏం పని చేశావన్నయ్యా? దానికున్నది ఒక్కటే మొవ్వు. ఇక కొత్త ఆకు రాదు" అన్నాను.

"జుట్టులాగే అనుకున్నానే" అన్నాడు. తెగిన మొవ్వు చేతిలోకి తీసుకుని, "చావు తప్పి వస్తోంది. ఇది చూసి అపశకునం అనుకుంటే?" అన్నాడు. తిట్టడానికి నోరు తెరిచినదాన్ని, ఆ మొహం చూసి మూసుకున్నాను. నాకూ భయమేసింది.

మర్నాడు వదిన తలకు గుడ్డ చుట్టుకుని నేరుగా సెలూన్‌కే వచ్చింది. అన్నయ్య కుండీకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏంటలా నిలబడ్డారు? జరగండి."

జరిగాడు. చేసిన నిర్వాకమంతా తలొంచుకుని చెప్పాడు. వదిన తెగిన చోట వేలితో తడిమి చూసింది. తర్వాత నవ్వింది.

"తల కనిపిస్తే చాలు కదా మీకు" అని కుర్చీలో కూర్చుని గుడ్డ విప్పింది. మందులకు ఉన్నదంతా రాలిపోయిన తల మీద నూగులా కొత్త జుట్టు మొలిచింది, అక్కడక్కడా ఎగుడుదిగుడుగా.

"అది రాకపోతే పోనివ్వండి. ఇది వచ్చింది చూడండి. చెవుల దగ్గర కాస్త సరిచేయండి."

అన్నయ్య కత్తెర తీశాడు. అద్దంలో ఆమెనే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకుని, కత్తెరను మళ్ళీ సొరుగులో పెట్టేశాడు.

"పెరగనీవే" అన్నాడు.