ఎండకు సాగిన రేకు

మా సూపర్‌వైజర్ గారు పోయారని పోయిన వారం కాకినాడ నుంచి వాళ్ళావిడ, మా అమ్మగారు, ఫోన్ చేశారు. "నిద్రలోనే వెళ్ళిపోయారు బాబూ. నీకు చెప్పకపోతే ఆయన ఊరుకోరు," అన్నారు.

తొంభైల్లో ఖతర్‌లో మాది ఒకే కంపెనీ. నేను నిజామాబాద్ పక్క పల్లె నుంచి వెళ్ళి, ఏసీ డక్టులకు రేకు కోసేవాణ్ణి. ఆయన మా వర్క్‌షాపు పెద్ద. వయసులో ఉండగానే విమానం నడపడం నేర్చుకున్న మనిషి. అల్ వక్రా అనే ఊళ్ళో తను అద్దెకున్న ఇంటి వెనక షెడ్డులో, ఇద్దరు పట్టే చిన్న అల్యూమినియం విమానాన్ని సొంతంగా కడుతున్నారు. నా చేతిపని చూసి ఒకరోజు, "శుక్రవారాలు మా ఇంటికి రాకూడదేంటయ్యా? ఓ పనుంది," అన్నారు.

ఆ రోజుల్లో, గల్ఫంతా దుబాయే అనుకునే మా అమ్మ ఫోన్‌లో, "దుబాయ్‌ల ఏం పని చేస్తున్నవ్ బిడ్డా?" అని అడిగింది.

"ఇమానం చేస్తున్ననే."

"తాగినవారా?" అంది.

ఆ మాట చెబితే సార్ లుంగీ ఎగ్గట్టుకుని స్టూలు మీద కూలబడి నవ్వారు. షెడ్డులోకి పెన్సిల్ రానిచ్చేవారు కాదు. ఆ గీత అల్యూమినియాన్ని మెల్లగా తినేస్తుందట. చెవి మీద ఎప్పుడూ స్కెచ్ పెన్నే. అమ్మగారు పెట్టిన టీ చల్లారిపోయాకే తాగేవారు. "రేకుని బతిమాలాలయ్యా. బలవంతంగా కూర్చోబెడితే పైకెళ్ళాక పగ తీర్చుకుంటది," అనేవారు.

రెక్కకు లోపల ఎముకల్లాంటి గూడు, దాని మీద రేకు. గూడు రెండు కొసల నుంచి దారాలకు గుండ్లు కట్టి వేలాడదీసి, నేల మీది గీతకు సరిగ్గా వస్తున్నాయా అని ఆయన మోకాళ్ళ మీద కూర్చుని చూసేవారు. మెలి ఉండగా రేకు బిగిస్తే ఆ మెలి ఇక పోదు, పైకెళ్ళాక విమానం ఒక పక్కకే ఒరుగుతుంది.

ఒక జూన్ శుక్రవారం ఆయన బయటికి వెళ్ళారు. ఎండలో గోడకు ఆనించిన రేకును నేను లోపలికి తెచ్చి, వేడి మీదే గూటి కొలతలకు రంధ్రాలు చేశాను. చల్లారాక చూస్తే రేకు కుంచించుకుపోయింది, రంధ్రాలు కలవలేదు. భయమేసి, వాటిని పెద్దవి చేసి, రేకును గుంజి, రివెట్లు కొట్టేదాకా పట్టి ఉంచే క్లిప్పులు పెట్టేశాను. సార్ వచ్చి చేత్తో నిమిరి, "బాగా కూర్చుందయ్యా," అన్నారు. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. ఆ విమానం ఎక్కేది ఆయనే.

మళ్ళీ శుక్రవారం షెడ్డు తలుపు దగ్గరే నిలబడి చెప్పాను. "ఆ రేకు తీసెయ్యాలె సార్. ఎండల కాలినప్పుడు రంధ్రాలు కొట్టిన. కలవకపోతే గుంజి పెట్టిన."

ఆయన దారాలు వేలాడదీశారు. కొసన గుండు గీతకు వేలెడు దూరంలో ఆగింది. దాన్ని చూసి అన్నారు. "ఎండ సంగతి నీకు ముందే చెప్పాల్సింది. ఆ తప్పు నాది. దాచిపెట్టడం నీ తప్పు. అది నువ్వే దిద్దుకున్నావు. రా, క్లిప్పులు ఊడదీద్దాం."

కొత్త రేకు ఓడలో రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు. పైగా ఆ తర్వాత నేను చూసి సరే అంటే తప్ప ఒక్క రివెట్టు కూడా కొట్టలేదు.

రెండేళ్ళకు విమానం పూర్తయింది. పరీక్షలు, అనుమతులు అయ్యాక, ఎడారిలో ఒక చిన్న రన్‌వే నుంచి ఆయన కొన్నాళ్ళు ఒంటరిగా ఎగిరి చూసుకున్నారు. పక్క సీట్లో మొదట కూర్చోబెట్టుకుంది నన్నే. నేల వదలగానే నేను కళ్ళు మూసుకున్నాను.

"కళ్ళు తెరవ్వయ్యా. ఇటు చూడు."

చూశాను. కింద సముద్రం, ఇసుక కలిసేచోట తెల్లటి గీత. రెక్కలు రెండూ ఎటూ ఒరగకుండా నిలబడి ఉన్నాయి. సార్ విమానం నడిపే కర్ర వదిలేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఇంట్లో కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని, నా వంక చూస్తున్నారు.